పొగ లేని వంటిల్లు - మన నగరములో పుట్టిన పొయ్యి

(పురానాపూల్ వద్ద జరిగిన మహిళా సభలో రాష్ట్ర సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నేను మాట్లాడ వచ్చిన విషయము పొయ్యి. సభ పెట్టి మాట్లాడదగినంత గొప్ప విషయమా యిది యని వెనుక నిలుచున్న అన్నలు కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వవచ్చును. ఆనకట్టలను గూర్చి సభలు జరుగును, రహదారులను గూర్చి జరుగును; పొయ్యిని గూర్చి జరుగుట అరుదు. కాని ఒక్క లెక్క వినుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020వ సంవత్సరములో ఇంటి పొయ్యి పొగ మూలమున లోకమంతట 32 లక్షల మంది మరణించినారు. వారిలో అయిదేండ్లు నిండని పసివారే 2 లక్షల 37 వేలకు పైబడి యున్నారు. ఈ మరణములు పత్రికల కెక్కవు. “దగ్గు ముదిరి పోయినది” అని ఒక ముసలమ్మను గూర్చి అనుకొందుము. “బిడ్డకు డొక్కలెగిరినవి, దక్కలేదు” అని ఒక పసికందును గూర్చి అనుకొందుము. పొయ్యి పేరు ఎవరును ఎత్తరు.

ఈ మాటలు పురానాపూల్ వద్ద చెప్పుటలో ఒక ఔచిత్యము కలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో మూసీ నదిపై కట్టిన ఇరువది రెండు కమానుల ఈ వంతెన హైదరాబాదు నగరమునకన్న పాతది. గోలకొండ నుండి వచ్చు బాట దీని మీదుగనే సాగినది. తరువాతి కాలమున వాహనములు పక్కనున్న కొత్త వంతెనకు మరలినవి. పాత వంతెన మీద కూరగాయల అంగడి వెలసినది. చుట్టుపట్ల గ్రామములలో పండిన వంకాయ, బెండకాయ, తోటకూర ఇక్కడికి వచ్చును. కొని తీసికొనిపోయిన పట్నపు ఇల్లాలు దానిని గ్యాసు పొయ్యి మీద వండుకొనును. పండించి, గంప నెత్తిన బెట్టుకొని వచ్చిన అక్క తన ఇంటికి పోయి అదే వంకాయను ఏ పొయ్యి మీద వండుచున్నది? నేటి నా ప్రసంగమంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరుగును.

పొగ లేని పొయ్యి అనగానే అది ఏ విదేశము నుండియో వచ్చిన వస్తువని తలచువారు పెక్కురు కలరు. అది పొరపాటు. మన దేశములో దానికై శ్రద్ధగా పని చేసిన తొలి వారిలో ఒకరు మన హైదరాబాదు వారే. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండిన డాక్టరు ఎస్. పి. రాజు గారు మట్టితోనే కట్టుకొనదగిన ఒక పొయ్యిని రూపొందించినారు. పరిశోధనాలయము పేరులోని ఆంగ్లాక్షరములను కలిపి దానిని హెర్ల్ చుల్హా అన్నారు. దానిని గూర్చి ఆయన వ్రాసిన ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను చిన్న పుస్తకము 1953లో మదరాసులో అచ్చయినది. పెద్ద కట్టడముల లెక్కలు చూడవలసిన ఇంజనీరు వంటింటిలోనికి తొంగిచూచి, ఇల్లాలికి పొగ నుండి, మసి నుండి, సెగ నుండి, వంటచెరకు దండుగ నుండి, నిప్పంటుకొను భయము నుండి విముక్తి కలిగింపవలెనని పూనుకొనుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. అంతకు కొంచెము ముందు, 1947లో, వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘమువారు మగన్ చుల్హా అను మరొక పొయ్యిని తయారు చేసియుండిరి. గాంధీమహాత్ముని బంధువైన మగన్‌లాల్ గాంధీ గారి పేరు దానికి పెట్టినారు.

రాజు గారి పొయ్యి పనితీరు ఏమనిన, ఒకే మంట మీద వరుసగా పాత్రలుండును. మొదటి కన్ను క్రింద కట్టె మండును. ఆ వేడి గాలి బయటికి చెదరిపోక, పొయ్యి లోపలి సొరంగము వెంట రెండవ పాత్ర క్రిందికి, అక్కడి నుండి మూడవ దాని క్రిందికి పోయి, చివరకు గొట్టము ద్వారా కప్పు దాటి వెలికి పోవును. అన్నము ఒక దాని మీద ఉడుకుచుండగా పప్పు పక్కదాని మీద మెత్తబడును, వెనుక దాని మీద నీళ్లు కాగును. గాలి ఎంత లాగవలెనో నిర్ణయించుటకు చిన్న ఇనుప తలుపు రేకు నొకటి అమర్చినారు. దానిని తెరచిన మంట హోరెత్తును, మూసిన నెమ్మదించును. పంట కాలువ మీద తూము తలుపు చేయు పనియే ఇది.

మూడు రాళ్ల పొయ్యి మాట చూడుడు. దానిలో వంద పాళ్లు కట్టె కాల్చినచో, కుండలోనికి చేరు వేడి సాధారణముగా పది పదునైదు పాళ్లకు మించదు. తక్కినదంతయు గాలిలో కలియును, గోడలను కాల్చును, వండు మనిషి ముఖమును మాడ్చును. ఇక పొగ యన ఏమి? అది పూర్తిగా కాలని కట్టెయే. మనము అడవికి పోయి, మోపు కట్టి, నెత్తిన మోసికొని వచ్చిన కట్టెలో కొంత భాగము మంటగా మారక, నల్లని ధూళిగా, విషవాయువుగా లేచి మన ఊపిరితిత్తులలో చేరుచున్నది. ఆ ధూళిలోని అతి సన్నని కణములు కంటికి కనబడవు. గొంతులోను ముక్కులోను ఆగక, ఊపిరితిత్తుల అడుగు దాక పోవును. పచ్చి కట్టె అయినచో ముందు దానిలోని నీరు ఆవిరి కావలెను. ఆ ఆవిరికే మంటలో కొంత ఖర్చగును, పొగ పెరుగును. చంటిబిడ్డను చంకన వేసికొని ఊదుగొట్టముతో ఊదు తల్లి రెండు ఊపిరితిత్తుల జతలకు ఆ పొగను పంచి పెట్టుచున్నదన్న మాట.

1952 అక్టోబరు 2న దేశములో సమాజ వికాస పథకము మొదలైనది. ఆ వెనుకటి ఏండ్లలో గ్రామసేవికలు ఊరూర తిరిగి, తామే మట్టి పిసికి, పొగరాని పొయ్యిలు కట్టి చూపినారు. వారి శ్రమను తక్కువ చేయరాదు. ఐనను ఆ పొయ్యిలు మన గ్రామములలో నిలువలేదు. ఎందుచేత? ఇల్లాండ్రు మూఢులగుట చేత యని కొందరు అధికారులు చెప్పుట కలదు. ఆ మాటను నేను ఒప్పుకొనను. పొయ్యి కన్నులు ఒక కొలత పాత్రకు కట్టినారు. పెండ్లికి వచ్చిన పెద్ద గుండిగ దాని మీద కూర్చుండదు, చిన్న గిన్నె లోపలికి జారును. కట్టెలను చిన్నవిగా చీల్చవలెను; గొడ్డలి పట్టు వారు పొలములో నుందురు. గొట్టములో మసి నిండిన పొగ మరల ఇంటిలోనికే వచ్చును; దానిని తీయుట యెట్లో చూపిన మనిషి మరల రాలేదు. జొన్నరొట్టె కాల్చుటకు పెనము అడుగున పరచుకొనిన బలమైన మంట కావలెను. సొరంగములోనికి లాగబడు మంట రొట్టెను పచ్చిగా దించును. గడ్డి కప్పు ఇండ్లలో పొగ పోయినచో దోమలు, చెదలు పెరుగునని మరొక మాట. ఇవన్నియు వండు చేతికి తెలిసిన సంగతులు. పొయ్యి గీసిన వారు ఆ చేతిని ముందుగ అడిగియుండవలసినది.

ఆ మీదట లోకమంతట ఇదే కథ మరికొన్ని పర్యాయములు నడచినది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట, పేద దేశములలో చమురు కన్న ముందు కట్టె కరవు వచ్చునని పండితులు హెచ్చరించినారు. 1976లో గ్వాటెమాలా దేశములో గొప్ప భూకంపము వచ్చిన తరువాత అక్కడ మట్టి, ఇసుక కలిపి లొరేనా అను పొయ్యిలు కట్టినారు. పరీక్షించి చూడగా ఆ జాతి బరువైన మట్టి పొయ్యిలు కొన్ని, పొగను బయటికి పంపినను కట్టెను ఏమంత పొదుపు చేయుట లేదని తేలినది. వేడి అంతయు ఆ మట్టి దిమ్మెయే త్రాగివేయుచున్నది. చైనాలో మాత్రము 1980 దశకమున మొదలైన కార్యక్రమము వలన పదేండ్లలో పన్నెండు కోట్లకు పైగా గ్రామ గృహములలో మెరుగైన పొయ్యిలు వెలసినవి. అక్కడ ఖర్చులో పెద్ద భాగము కుటుంబమువారే పెట్టుకొనినారు. కట్టుటకు, బాగుచేయుటకు స్థానికముగనే పనివారు తయారైనారు. ఆఫ్రికాలోని కెన్యాలో అదే దశకమున రేకు తొడుగు, లోపల కాల్చిన మట్టి పూత గల బొగ్గుల కుంపటి యొకటి బజారులో అమ్మకమునకు వచ్చినది. దానిని ఎవరును ఉచితముగా పంచలేదు. కమ్మరులు, కుమ్మరులు చేసి అమ్మినారు. బొగ్గు కొని వాడు పట్నపు ఇల్లాండ్రు, డబ్బు మిగులుచున్నదని చూచి కొనినారు.

మన దేశములో 1983 చివర జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమము ప్రారంభమై 2002 వరకు నడచినది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్లు లెక్కలు కలవు. కట్టిన లెక్క కలదు గాని, రెండేండ్ల తరువాత ఎన్ని వెలుగుచున్నవో ఆ లెక్కకు అంత శ్రద్ధ దొరకలేదు. ప్రచార శాఖలో పని చేయువాడను గనుక అంకెల మీద మాకు గల మక్కువ నాకు తెలియును; అందుచేతనే ఈ మాట అనుచున్నాను. 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన వారిలో ఒకరైన ఎస్తేర్ డఫ్లో గారు, తన సహచరులతో కూడి ఒడిశా గ్రామములలో ఇట్టి పొయ్యిలను నాలుగేండ్ల వరకు పరిశీలించినారు. మొదటి ఏడు ఇల్లాండ్రు పీల్చు పొగ తగ్గినది. ఆపైన తేడా మాసిపోయినది. పొయ్యి పగిలిన అతుకలేదు, గొట్టము పూడిన తీయలేదు, కొంత కాలమునకు వాడుటయే తగ్గినది.

మన పురానాపూల్ మాట చూడుడు. 1820 నాటి వరదలో ఇది దెబ్బ తినగా సికందర్ జా నవాబు మరమ్మతు చేయించినాడు. రాతి వంతెనకే మరమ్మతు కావలసివచ్చినప్పుడు, దినమునకు రెండు మార్లు నిప్పులో కాలు మట్టి పొయ్యికి అక్కరలేదా? కనుక ఊరికి వంద పొయ్యిలు కట్టి పోవుటకన్న, పొయ్యి పగులు పూడ్చుట, గొట్టము దులుపుట తెలిసిన ఒక్క చెల్లెలిని ఊరిలో తయారు చేయుట మేలని నా అభిప్రాయము. ఆమెకు ఆ పనికి కూలి ముట్టవలెను.

ఇక గ్యాసు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము క్రింద మహిళా సంఘముల సభ్యులకు వంటగ్యాసు కనెక్షన్లు ఇచ్చుట మొదలైనది. పేదింటి ఇల్లాలి పేర గ్యాసు కనెక్షను ఇంత పెద్ద ఎత్తున ఇచ్చుటలో మన ప్రాంతము ముందడుగు వేసినదనుటలో అతిశయోక్తి లేదు. 2016 మే 1న ఉత్తర ప్రదేశ్‌లోని బల్లియాలో ఉజ్వల యోజన ప్రారంభమైనది. దాని క్రింద దేశమున పది కోట్లకు పైగా కనెక్షన్లు ఇచ్చినారు. తెలంగాణలో అర్హులైన కుటుంబములకు 500 రూపాయలకే సిలిండరు అందించు ఏర్పాటు 2024 ఫిబ్రవరిలో మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరము దీపావళి నాటి నుండి ఏటికి మూడు సిలిండర్లు ఉచితముగా ఇచ్చు పథకము వచ్చినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతట వంద ఇండ్లలో 58 లేక 59 ఇండ్లు స్వచ్ఛమైన ఇంధనముతో వండుచుండగా, తెలంగాణలో అట్టివి తొంబదికి పైగా నున్నవి.

ఈ అంకె చూచి సంతోషింపవలసినదే. కాని ఆ సర్వేలో అడుగునది ముఖ్యముగా వాడు ఇంధనమేది యని. రెండవ పొయ్యి మాట అడుగరు. అన్నము, కూర గ్యాసు మీద. స్నానపు నీళ్లు, పశువుల కుడితి, రొట్టెలు, పండుగనాటి పిండివంటలు కట్టె మీద. పెరటిలో సర్కారు తుమ్మ కంప కలదు, చేనిలో పత్తి కట్టె, కంది కట్టె కలదు. దాని వెల చేతి కష్టమే గాని చేతిలోని రూపాయి కాదు. సిలిండరు నాటికి రూపాయి కావలెను, అదియు ఒక్కసారిగా కావలెను. కూలి నాలి మీద బ్రదుకు ఇంటికి అది భారమే. సబ్సిడీ తరువాత బ్యాంకులో పడునన్న మాట నిజమే కావచ్చును, ముందు ఇచ్చునది మాత్రము చేతి డబ్బు. ఇచ్చట మగవారిని ఒక మాట అడుగుదును. ఫోనులో డబ్బు వేయించుటకు సందేహింపని మనము, సిలిండరు అయిపోయినదని ఇల్లాలు చెప్పినప్పుడు “ఈ వారము కట్టెల మీద కానిమ్ము” అనుట ఎన్ని ఇండ్లలో వినబడుట లేదు? పొగ పీల్చునది ఒకరు, రూపాయి తీయునది ఒకరు. ఆ ఇద్దరు ఒకచోట కూర్చుండి మాట్లాడుకొనినచో ఈ సమస్య సగము తీరును.

ఇంకొక లెక్క చెప్పెదను. కట్టె ఉచితమని అనుకొనుచున్నాము గదా? ఒక కిలో గ్యాసు చేయు పని మూడు రాళ్ల పొయ్యి మీద చేయవలెననిన పది కిలోలకు మించిన ఎండు కట్టె కావలెను. 14.2 కిలోల సిలిండరు ఒకటి అయిపోవు లోపల ఎన్ని మోపులు తప్పినవో మీరే లెక్క కట్టుడు. ఆ మోపులు తెచ్చు దినములలో కూలికి పోయియున్న ఎంత వచ్చునో కూడ కట్టుడు.

పశువులు గల ఇండ్లవారికి పేడ గ్యాసు మరొక దారి. సుమారు 25 కిలోల పేడ నుండి ఒక ఘనమీటరు గ్యాసు వచ్చును. పిడక చేసి కాల్చిన పేడ బూడిద యగును; తొట్టిలో పులిసిన పేడ గ్యాసు నిచ్చిన పిమ్మట కూడ ఎరువుగా మిగులును. ఖాదీ గ్రామోద్యోగ సంస్థలు దీనిని ఎన్నో ఏండ్లుగా ప్రచారము చేసినవి. ఐతే దినము నీరు, పేడ కలిపి పోయు ఓపిక, నాలుగు పశువులైనను ఉండుట అవసరము. ఒంటి బర్రె గల ఇంటిలో తొట్టి కట్టించి, అది ఎండిపోయి చెత్తకుండీ అగుట మంచిది కాదు.

కట్టె పొయ్యి తప్పనివారికి కొన్ని మాటలు. కట్టెను చీల్చి, వానకాలమునకు ముందే చూరు క్రింద ఆరబెట్టుడు; బొటనవ్రేలి లావు చీలికలు మంచి మంట నిచ్చును. పొయ్యి గోడకు, పాత్రకు మధ్య సందు వ్రేలి మందమునకు మించకుండ చూచుకొనుడు. ఎక్కువైనచో వేడి బయటికి పోవును, మూసుకొని పోయినచో పొగ వచ్చును. పాత్ర మీద మూత ఉండవలెను. పప్పును, శనగలను రాత్రియే నానబెట్టుడు. గొట్టము కప్పు కన్న కనీసము రెండు మూరలు ఎత్తు లేవవలెను, గడ్డి కప్పు ఉన్నచోట గొట్టము చుట్టు మట్టి కట్టు ఉండవలెను. ఆస్బెస్టాసు గొట్టము వలదు. కాల్చిన మట్టి గొట్టము గాని సిమెంటు గొట్టము గాని చాలును. పదునైదు దినముల కొకసారి పొడవాటి కర్రకు గోనెపట్టా చుట్టి గొట్టములోని మసి దులుపుడు. పగుళ్లకు పుట్టమన్ను, ఊక, పేడ కలిపి మెత్తుడు. పూత తడి ఆరకముందే నిప్పు వేయరాదు.

గ్యాసు ఉన్న ఇండ్లలో రబ్బరు గొట్టము పగిలినదా యని సబ్బు నురుగు పూసి చూచుకొనుడు. బుడగ లేచినచో రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, ఏజెన్సీకి కబురు చేయుడు. విద్యుత్ స్విచ్చి వేయరాదు, తీయరాదు. సిలిండరు నిలువుగా, పొయ్యి కన్న దిగువ నుండవలెను. వంటగ్యాసు గాలి కన్న బరువైనది గనుక కారినచో నేల మీద పేరుకొనును.

చివరగా, ఇందాక ముందు వరుసలోని అక్క ఒకరు అడిగిన ప్రశ్న: స్నానపు నీళ్లకు గ్యాసు కాల్చుటకు మనసు రాదు, ఏమి చేయవలెనని. ఆమె అన్నది న్యాయమే. నీళ్ల పొయ్యి ఇంటిలో కాక పెరటిలో, గాలి వాలు చూచి, వంటింటి కిటికీకి దూరముగా పెట్టుడు. దానికి రెండు ఇటుకల ఎత్తున మూడు వైపుల గోడ, ఒక పొట్టి గొట్టము చాలును. నీళ్ల కాగు మీద మూత పెట్టుడు. ఎండ బాగుగ నుండు మాసములలో నల్లరంగు వేసిన బిందెలో నీరు నింపి ఉదయమే డాబా మీద పెట్టినచో సాయంకాలమునకు గోరువెచ్చనగును. ఆ పూటకు కట్టె యక్కరలేదు. పసిపిల్లలను మాత్రము ఆ నీళ్ల పొయ్యి దరిదాపులకు రానీయకుడు.